ప్రాసెసరుకి ఓవర్‌లోడ్ టెస్టు

వాసుదేవరావు ముప్పై నాలుగేళ్ళు భిలాయి ఉక్కు కర్మాగారంలో క్రేను నడిపాడు. మెల్టింగ్ షాపులో, నేలకి డెబ్భై అడుగుల పైన, ఇనప గదిలో కూర్చుని. కింద ఎర్రగా కాగే ఉక్కు బకెట్లు, పైన ఈయన. ఆ ముప్పై నాలుగేళ్ళలో ఒక్క లోడు కింద పడలేదు.

ఈ సంగతి ఆయనుండే ఖుర్సీపార్‌లో తెలియనివాడు లేడు. తెలియనివాడు దొరికితే ఆయనే కూర్చోబెట్టి చెప్పేవాడు. పెళ్ళి పందిట్లో చెప్పాడు. చావింట్లో చెప్పాడు, శవం లేచేలోపు. ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గర నోరు బార్లా తెరిచి ఉండగా కూడా చెప్పబోయాడు. డాక్టరు దూది కుక్కేశాడు కాబట్టి సరిపోయింది.

రిటైరయిన ఆరేళ్ళకి ఆ పేరు మూడు నిమిషాల్లో పోయింది.

పోగొట్టినవాడు హరినాథ్. పక్క వీధి. రైలింజను నడిపి రిటైరయ్యాడు. వాళ్ళది తాత కాలం నుంచీ రైల్వే కుటుంబం, కుటుంబంలో రైలెక్కినవాళ్ళ కంటే రైలు నడిపినవాళ్ళే ఎక్కువ. ఆదివారం చర్చి నుంచి రాగానే బట్టలు కూడా మార్చకుండా కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. అందులో రైలు ఆట ఉంది. ఎవరూ అడక్కుండా, ఎవరూ జీతం ఇవ్వకుండా, ఎక్కడివో బొగ్గు వ్యాగన్లు ఎక్కడికో లాగుతుంటాడు. ఒక ఆదివారం వాసుదేవరావు చూడ్డానికి వెళ్తే, ఇందులో క్రేను ఆట కూడా ఉంది బావా అని పెట్టి ఇచ్చాడు.

ఆట చూడ్డానికి చిన్నపిల్లల యవ్వారంలాగే ఉంది. ఓడరేవు. ఓడలోంచి ఇనప పెట్టెలు ఎత్తాలి, గట్టు మీద లారీలో దింపాలి. అంతే. వాసుదేవరావు నవ్వుకుని చొక్కా చేతులు మడిచాడు. మొదటి పెట్టె సముద్రంలో పడింది. రెండోది లారీ డ్రైవరు నెత్తి మీద దిగింది. మూడోది, దీనికీ దానికీ సంబంధం లేకుండా పక్కన నిలబడి ఉన్న హెల్మెట్ బొమ్మ మీద కూర్చుంది. బొమ్మ కాబట్టి కేసు లేదు.

హరినాథ్ చాలాసేపు ఏమీ అనలేదు. అదే తప్పయింది. అని ఉంటే వాసుదేవరావు ఏదో ఒకటి తిరిగి అని ఇంటికి పోయేవాడు. ఆయన మౌనం చూసి ఈయనకి కంగారు పుట్టింది. కంగారులో నోటికి దొరికిన మాట పట్టుకున్నాడు.

"నీ మిషన్‌లో దమ్ము లేదు. నాను లీవరు వొదిలినాక అర సెకనుకి ఆగతంది. ప్రాసెసర్ బక్కది."

ప్రాసెసర్ అనే మాట అప్పటికి పావుగంట కిందటే మొదటిసారి విన్నాడు. కంప్యూటర్‌కి బుర్రలాంటిదని హరినాథే చెప్పాడు.

సాయంత్రానికి టీ కొట్టు దగ్గర అందరికీ తెలిసిపోయింది. మర్నాటికి పేరు కూడా పెట్టేశారు, మూడు డబ్బాల రావు అని. ఎదురుగా అనరు. ఈయన రాగానే కొట్టువాడు బిస్కెట్ డబ్బాలు మూడు వరుసగా సర్దేవాడు, అంతే. వాసుదేవరావు రెండు రోజులు చూసి అటు వెళ్ళడం మానేశాడు. టీ ఇంట్లోనే తాగాడు. ఇంట్లో టీ బాగానే ఉంటుంది, కాకపోతే ఎవరి మీదా చాడీలు ఉండవు.

ఐదో రోజు పొద్దున భార్య పైడమ్మతో చెప్పాడు, కంప్యూటర్ కొంటానని. అన్నిటికంటే పెద్ద ప్రాసెసర్ వేయించి, హరినాథ్‌ని ఎదురుగా కూర్చోబెట్టి, పెట్టె సూది మొన మీద దింపినట్టు దింపుతానన్నాడు. అప్పుడు తెలుస్తుంది తప్పు చేతిదో మిషన్‌దో. దిగకపోతే ఏమిటనేది ఆయన ఆలోచించలేదు. డెబ్భై అడుగుల ఎత్తులో అలాంటివి ఆలోచించేవాడు మర్నాడు డ్యూటీకి ఎక్కలేడు.

పైడమ్మ కాదనలేదు. ఒక్క షరతు పెట్టింది. ఆవిడ ఇంట్లో ఒక చట్టం ఉంది. ఇంటికొచ్చిన ఏ వస్తువూ ఫ్రిజ్ కంటే ఖరీదు ఉండకూడదు. ఫ్రిజ్ వచ్చిన దగ్గర్నుంచీ అదే లెక్క. మంచం, టీవీ, అల్లుడికి పెట్టిన గడియారం, అన్నీ ఫ్రిజ్ లోపలే. కంప్యూటరూ అంతే అంది. తనూ దుకాణానికి వస్తానంది, ఎందుకంటే మొగుడు ఒంటరిగా వెళ్తే ఫ్రిజ్ సంగతి సుపేలా బజారు చేరేలోపే మర్చిపోతాడు.

అలా ముగ్గురూ షేర్ ఆటోలో సుపేలా వెళ్ళారు. హరినాథ్ సాక్షిగా వచ్చాడు. దారంతా మంచి మర్యాదగా మాట్లాడాడు. ఆ మర్యాదే వాసుదేవరావుకి కారం రాసినట్టుంది.

కంప్యూటర్ దుకాణం మధులతది. ముప్పై ఏళ్ళుంటాయి. తండ్రి రాజాం నుంచి వచ్చి ప్లాంటులో చేరాడు, ఈమె ఇక్కడే పుట్టింది. తెలుగు వచ్చు గాని, తొందరలో ఉంటే హిందీలోకి జారిపోతుంది. దుకాణంలో దేవుడి పటానికి కూడా కంప్యూటర్ లైట్లే చుట్టింది. నిమిషానికోసారి దేవుడు ఎర్రగా, పచ్చగా, నీలంగా మారుతున్నాడు. పైడమ్మ దండం పెడదామని రెండుసార్లు చేతులెత్తి, రంగు కుదరక దించేసింది.

మధులత అడిగింది, ఏ ఆట ఆడతారు, ఇంట్లో తెర ఉందా, ఎంతలో అనుకుంటున్నారు అని. తెరకి టీవీ ఉంది, ఖరీదుకి ఫ్రిజ్ అంది పైడమ్మ. ఆ ఫ్రిజ్ మధులతకి అర్థం కాలేదు. హరినాథ్ వివరించాడు. ఆమె తల ఊపి, రెండు డబ్బాలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి చిన్న ప్రాసెసర్, ఆరు కోర్లది. బొమ్మలు చూపించే పని కూడా అదే చేసుకుంటుంది, మళ్ళీ విడిగా కార్డు అక్కర్లేదు. రెండోది పెద్దది, ఎనిమిది కోర్లు. దాని ఖరీదులో చిన్నవి రెండు వచ్చి ఇంకా ఆటో చార్జీ మిగులుతుంది.

వాసుదేవరావు రెండు డబ్బాలూ తిప్పి చూశాడు. లోపల వస్తువు అగ్గిపెట్టె కంటే చిన్నది, బిస్కెట్ కంటే పల్చన. దాని వీపు మీద చీమ తలకాయంత అక్షరాలు.

"దీని కెపాసిటీ ఏదీ?" అన్నాడు.

అందులోనే రాసి ఉంది అంకుల్ అని మధులత ఆ చీమ అక్షరాలు చూపించింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ప్లాంటులో క్రేను అంటే దాని నడుం మీద ఎన్ని టన్నులు ఎత్తగలదో మనిషెత్తు అంకెల్లో రంగు వేసి ఉంటుంది. నేల మీద గుడ్డివాడికి కూడా కనబడాలి. ఒంటి మీద తన బలం పైకి రాసుకోలేనిదాన్ని నమ్మి డబ్బెలా పెడతారని ఆయన ప్రశ్న. సరే, రాయలేదు, కనీసం ఓవర్‌లోడ్ టెస్టు చేసి చూపించమన్నాడు.

ఓవర్‌లోడ్ టెస్టు అంటే క్రేనువాళ్ళ పద్ధతి. కొత్త క్రేను వస్తే పూలదండ వేసి కొబ్బరికాయ కొడతారు, అది దేవుడి కోసం. తర్వాత దాని మీద రాసిన బరువు కంటే పావు వంతు ఎక్కువ తగిలించి గాల్లో ఆపుతారు, అది మనుషుల కోసం. అలా ఆగితేనే సంతకం. వంద టన్నుల క్రేనుకి నూట పాతిక. ఈ పద్ధతి వాసుదేవరావుకి ఎముకల్లో దిగిపోయింది. ఇంట్లో కొత్త బకెట్ కొన్నా నీళ్ళు నింపి, పైన ఇటుక వేసి ఎత్తి చూస్తాడు. కూతురికి సంబంధాలు చూసినప్పుడు అల్లుడి చేత గ్యాస్ బండ మోయించాడు.

మధులత ప్రాసెసర్‌ని అటూ ఇటూ తిప్పింది. "అంకుల్జీ, ప్రాసెసర్‌కి హుక్ ఎక్కడుంది, తగిలించడానికి?"

"నువ్వు సూపించు మరి. దుకాణం నీది గదా."

మధ్యాహ్నం రెండయింది. దుకాణంలో వేరే బేరం లేదు. పైగా ఈ ముసలాయన్ని పంపించేయడం కంటే చూపించేయడం తేలికని ఆమెకి తోచి ఉంటుంది. బల్ల మీద రెండు మిషన్లు బిగించి ఉన్నాయి, ఒకదాంట్లో చిన్న ప్రాసెసర్, ఇంకోదాంట్లో పెద్దది. రెండింట్లోనూ ఓడరేవు ఆట పెట్టింది. దాంతోపాటు ఒక సినిమా, రెండు భక్తి పాటలు, ఒక క్రికెట్ మ్యాచ్ ఒకేసారి నడిపించింది. దుకాణం సంతలా తయారయింది. తెర మీద ఒక మూల ప్రాసెసర్ ఎంత కష్టపడుతోందో నూటికి ఇంత అని అంకె కనబడుతుంది. చిన్నదానిది ఎనభై, తొంభై, వంద దాకా ఎక్కి అక్కడ ఆగిపోయింది.

"నూట పాతిక ఏదీ?" అన్నాడు వాసుదేవరావు.

వందకి మించి చూపించదంది మధులత. మించితే ఏం చేస్తుందంటే, పని నెమ్మదిగా చేస్తుందంది. వాసుదేవరావు హరినాథ్ వైపు తిరిగి, మా షాపులో ఇలాటోళ్ళు బోల్డు మంది ఉండేవారు, అందరికీ ప్రమోషన్లు వచ్చాయి అన్నాడు.

కోర్లంటే ఏమిటని అడిగాడు. ఒకే ప్రాసెసర్‌లో పని చేసే మనుషులనుకోండి అని చెప్పింది. చిన్నదాంట్లో ఆరుగురు, పెద్దదాంట్లో ఎనిమిది మంది. వాసుదేవరావు వేళ్ళ మీద లెక్కేశాడు. ఒకే పట్టా మీద ఎనిమిది క్రేన్లు పెడితే రెండు పని చేస్తాయి, రెండు దారివ్వడానికి పక్కకి జరుగుతాయి, మిగతా నాలుగూ టీకి పోతాయి అన్నాడు. మధులత మొదటిసారి నవ్వింది. ఈ ఆటలో కూడా సరిగ్గా అదే జరుగుతుందట. చిన్నదే చాలట. దుకాణంవాళ్ళు ఖరీదైనది వద్దనడం పైడమ్మ తన జన్మలో చూడలేదు. ఆ పిల్లని అప్పటికప్పుడు సొంత మనిషిలా చూడ్డం మొదలుపెట్టింది.

కాని వాసుదేవరావుకి చిన్నది చాలితే కష్టం. చిన్నది చాలితే హరినాథ్ ఇంట్లోదీ చాలినట్టే. అది చాలితే అర సెకను ఎక్కడిది? ఆయన ఇల్లు వదిలి వచ్చింది తప్పుని ఒక డబ్బాలో పెట్టి కొనుక్కుపోవడానికి. ఆ డబ్బా ఎంత పెద్దదైతే అంత మంచిది.

మధులత సినిమాలూ పాటలూ ఆపేసి, ఇంకో అంకె చూపించింది. సెకనుకి ఎన్ని బొమ్మలు గీస్తోందో అని. చిన్నది అరవైకి కాస్త పైన, పెద్దది వందకి పైన. వాసుదేవరావు మొహం వెలిగింది. "సూసినావా హరీ. అదీ తేడా."

హరినాథ్ నోరు తెరిచేలోపే మధులత అడ్డుపడింది. మీ ఇంట్లో టీవీ తెర సెకనుకి అరవై బొమ్మలే చూపించగలదు అంకుల్, ఆపైన గీసినవన్నీ లోపల్లోపలే పోతాయి అంది.

"అంటే ఒండిన అన్నం పారబొయ్యడమే గదా," అంది పైడమ్మ.

కళ్ళకి కనబడకపోయినా చేతికి తెలుస్తుందని వాసుదేవరావు పట్టుబట్టాడు. పెద్ద మిషన్ ముందు కూర్చున్నాడు. మధులత చేతికి ఆటలాడే రిమోట్ ఇచ్చింది, రెండు పిడులున్నది. పిడులు బొటనవేళ్ళ కింద తిరుగుతుంటే ఆయనకి పాత రోజులు గుర్తొచ్చి ఒళ్ళు పులకరించింది. ఓడలోంచి పెట్టె ఎత్తాడు. గాల్లో తెచ్చాడు. ఊగకుండా తెచ్చాడు, అందులో ఆయన్ని ఎవరూ కాదనలేరు. దింపాడు. పెట్టె లారీకి అడుగు దూరంలో నేల మీద పడి మూత ఊడింది. లోపల అరటిపళ్ళు.

రెండోసారి కూడా అరటిపళ్ళే.

అర సెకను ఇక్కడ కూడా ఉంది అన్నాడు ఆయన, గొంతు తగ్గించి. మధులత ఫోన్ తీసింది. ఆయన వేలినీ తెరనీ కలిపి వీడియో తీసి, నెమ్మదిగా నడిపించి చూపించింది. పెద్దదాంట్లో వేలు కదిలిన వెంటనే కొక్కెం కదిలింది. చిన్నదాంట్లో తీసింది. అందులోనూ అంతే. తేడా ఎవరి కంటికీ ఆనలేదు. ఆమె ఇదంతా ఆయన్ని చిన్నబుచ్చడానికి చెయ్యలేదు. వస్తువు అమ్మేవాళ్ళకి ఉండే శ్రద్ధ అంతే. హరినాథ్ మాత్రం ఎందుకో దేవుడి పటం వైపు తిరిగి నిలబడ్డాడు. అది ఆయన దేవుడు కూడా కాదు.

ఇక మిగిలింది ఒక్కటే. వాసుదేవరావు లేచి, చిన్న మిషన్ ముందు కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో ఆయనకే తెలియదు. కాళ్ళు బయటికి దారి తీయలేదు, అందుకని కూర్చున్నాడు.

పెట్టె ఎత్తాడు. గట్టు మీదకి తెచ్చాడు. దింపుతున్నాడు. అప్పుడే టీ కుర్రాడు లోపలికొచ్చి పైడమ్మ ముందు గ్లాసు పెట్టబోయాడు. ఆవిడ తెర పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది. నాకొద్దు అన్నట్టు అరచెయ్యి అడ్డంగా చాపి చూపించింది.

వాసుదేవరావు చేతులు రెండూ ఆగిపోయాయి. పెట్టె గాల్లో, లారీకి రెండంగుళాల పైన, గోడకి మేకు కొట్టి తగిలించినట్టు నిలబడింది.

"ఆపీసినావేటి బావా?" అన్నాడు హరినాథ్.

"ఆపమంది గదా."

"ఎవులు?"

వాసుదేవరావు పైడమ్మ చేతి వైపు చూశాడు. చెయ్యి ఇంకా చాపే ఉంది. టీ కుర్రాడు కూడా గ్లాసు పట్టుకుని ఆగిపోయాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పైన కూర్చున్న క్రేనువాడికి కింద లోడు ఎంత ఎత్తులో ఉందో తెలియదు. డెబ్భై అడుగుల పైనుంచి చూస్తే అడుగైనా అంగుళమైనా ఒకటే. అందుకని నేల మీద ఖలాసీ ఉంటాడు. చెయ్యి పైకి తిప్పితే ఎత్తు, కిందికి తిప్పితే దింపు, అరచెయ్యి అడ్డంగా చాపితే ఆపు. క్రేనువాడు లోడుని చూడడు, ఖలాసీ చేతిని చూస్తాడు. ఆపు అన్న సైగ మాత్రం ఎవరు చేసినా సరే, ఊడ్చేవాడు చేసినా సరే, మారుమాట లేకుండా ఆపాలి. అది చట్టం. వాసుదేవరావుకి ముప్పై నాలుగేళ్ళలో ఇరవై ఆరేళ్ళు ఒకడే ఖలాసీ. పేరు పరబ్రహ్మం. పొట్టి మనిషి, పాన్ నమిలేవాడు, సెలవు పెట్టేవాడు కాదు. ఇప్పుడు వైశాలి నగర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఆయన పేరు పెళ్ళి పందిట్లో గాని, చావింట్లో గాని, పళ్ళ డాక్టరు దగ్గర గాని ఏనాడూ రాలేదు.

వాసుదేవరావు పెట్టెని అలాగే గాల్లో ఉంచి, తెర మీద ఒక మూలనున్న చిన్న బొమ్మని గడ్డంతో చూపించాడు. ఆటలో అది మొదట్నుంచీ ఉంది. గట్టు మీద నిలబడి చూస్తే పెట్టె ఎలా కనబడుతుందో అది చూపిస్తుంది. హరినాథ్ ఇంట్లో కూడా ఉందట. ఆడుతూ వాసుదేవరావు దాన్ని ఎప్పుడూ చూడలేదు. ఒకేసారి రెండు చోట్ల చూసే అలవాటు ఆయన కళ్ళకి లేదు.

"పైడీ, నువ్వు ఆ మూల సూడు. సూసి సెయ్యి సూపించు."

ఏం చెయ్యి అని ఆవిడ అడగలేదు. ఆ ఇంట్లో భోజనం దగ్గర మాటలుండవు. అన్నం కావాలంటే ఆయన వేలు కిందికి తిప్పుతాడు, పులుసు పక్కకి జరపమంటే బొటనవేలు చూపిస్తాడు, చాలంటే అరచెయ్యి. నలభై ఏళ్ళుగా ఖలాసీ సైగలతోనే వడ్డించింది. ఇప్పుడు తిరగేసి వాడింది. బొటనవేలు ఎడమకి. ఇంకా ఎడమకి. వేలు కిందికి, నెమ్మదిగా. అరచెయ్యి.

పెట్టె లారీలో కూర్చుంది. చప్పుడు కూడా సరిగ్గా రాలేదు.

ఇంకోటి ఎత్తాడు. అదీ కూర్చుంది. మూడోదానికి ఆవిడ విసుగుపడి టీ తెప్పించుకుంది, ఎడమ చేత్తో తాగుతూ కుడి చేత్తో దింపించింది. మధులత స్టూలు దగ్గరికి లాక్కుని చూసింది. నా దగ్గరికి రోజూ పిల్లలొస్తారు ఆంటీ, ఇలా ఇద్దరూ కలిసి ఆడ్డం ఎప్పుడూ చూడలేదు అంది.

ఆరు పెట్టెలయ్యాక ఆమె లేచి, ఏది ప్యాక్ చెయ్యమంటారు అని అడిగింది.

వాసుదేవరావు రిమోట్ బల్ల మీద పెట్టాడు. హరినాథ్ ఆయన భుజం పట్టుకుని గుమ్మం దాకా తీసుకెళ్ళాడు. నిజానికి హరినాథ్ చెడ్డవాడు కాదు. రెండు మూడు రోజులుగా టీ కొట్టు దగ్గర ఈయన లేకపోతే ఆయనకీ తోచడం లేదు.

"పెద్దదే తీసుకో బావా. ఫ్రిజ్‌కి మించింది ఏదైనా ఉంటే నాను సర్దుతాను. పెద్దదాంట్లో దిగీసినాదని సెప్తాను. మూడు డబ్బాల మాట మళ్ళీ ఎవుడూ ఎత్తడు."

మంచి మాట. వాసుదేవరావు రోడ్డు మీద పోయే బస్సుని చూశాడు, అది పోయాక ఇంకో బస్సుని చూశాడు. పెద్ద డబ్బా పట్టుకుని ఆటో దిగితే వీధి వీధంతా చూస్తుంది. తప్పు మిషన్‌దని తేలిపోతుంది. పేరు తిరిగొచ్చేస్తుంది. ఆయన చెయ్యవలసిందల్లా నోరు మూసుకోవడం. జీవితంలో ఎప్పుడూ చెయ్యనిది అదొక్కటే.

లోపలికొచ్చాడు. "సిన్నది ఇయ్యమ్మా," అన్నాడు.

ఎందుకన్నాడు హరినాథ్.

"మిషన్‌ది తప్పు కాదు. లోడు పడకుండా సూసింది నాను కాదు హరీ. పరబ్రహ్మం. నాను పైన కూకున్నాను, అంతే."

ఏమనాలో తెలియనప్పుడు మనిషి గొప్పలకి పోతాడు. హరినాథూ పోయాడు. ఏదేమైనా ఇంజను యవ్వారం వేరు బావా, అక్కడ పైనా కిందా ఉండవు, అంతా నడిపేవాడి చూపులోనే ఉంది, నేను ఈ కంప్యూటర్‌లో ఇన్నాళ్ళుగా ఒక్క ఎర్ర సిగ్నలు దాటలేదు అన్నాడు.

పైడమ్మ గ్లాసు కింద పెట్టింది.

"ఎలా దాటుతారన్నయ్యా. కల్యాణి వొదిన పక్కన కూకుని పచ్చ, పచ్చ, ఎర్ర అని అరుస్తంటే. మా వంటింట్లోకి ఇనబడతంది."

నిజమే, కల్యాణి హరినాథ్ భార్య. ఇంజన్లో ఇద్దరుంటారు, సిగ్నలు కనబడగానే ఒకరికొకరు గట్టిగా చెప్పుకోవాలి, రైల్వేలో అది నియమం. హరినాథ్‌కి పక్కన ఎవరూ చెప్పకపోతే బ్రేకు మీద చెయ్యి పడదు. రిటైరయిన మొదటి నెల్లో రోడ్డు మీద స్కూటర్‌తో మూడుసార్లు ఎర్రలైటు దాటాడని, అప్పట్నుంచీ కల్యాణి వెనక కూర్చుని కూడా అరుస్తుందని పైడమ్మ చెప్పుకొచ్చింది. మధులత నవ్వు ఆపుకోలేక బల్ల కిందకి వంగి ఏదో వైరు వెతికింది. హరినాథ్ మళ్ళీ దేవుడి పటం వైపు తిరిగాడు. దేవుడు అప్పుడు ఎర్రగా ఉన్నాడు.

చిన్న ప్రాసెసర్‌తో మిషన్ ఫ్రిజ్ కంటే బాగా కిందే తేలింది. మిగిలినదాంతో ఇంకేదైనా మంచి పార్టు వెయ్యమంటారా అని మధులత అడిగితే, పైడమ్మ ఒక కుర్చీ కావాలంది. వీపు ఆనించుకునేది, చెయ్యి పెట్టుకునే దిమ్మ ఉన్నది. రోజూ చెయ్యి గాల్లో ఊపాలంటే స్టూలు మీద తన వల్ల కాదంది. కుర్చీ ఎవరికని మొగుడు అడగలేదు.

తర్వాతి ఆదివారం వాసుదేవరావు టీ కొట్టుకి వెళ్ళాడు. పక్కన ఇంకో మనిషి ఉన్నాడు, పొట్టిగా, బుగ్గలో పాన్‌తో. వైశాలి నగర్ వెళ్ళి స్వయంగా ఆటోలో ఎక్కించుకొచ్చాడు. పరబ్రహ్మం ఎందుకొచ్చాడో పరబ్రహ్మానికే సరిగ్గా తెలియదు, టీ ఇప్పిస్తానంటే వచ్చాడు. వాసుదేవరావు అందరి ముందూ, పెద్ద ప్రాసెసర్, చిన్న ప్రాసెసర్, అరటిపళ్ళు, ఒకటీ దాచకుండా చెప్పాడు. ఇరవై ఆరేళ్ళు లోడు పడకుండా కాసింది ఈయన చెయ్యే అన్నాడు. ఆ మాటకి పరబ్రహ్మం నోట్లో పాన్ అడ్డం పడి పొలమారింది.

జనం నవ్వారు. ఎందుకు నవ్వరు? నవ్వు తగ్గాక టీ కొట్టువాడు మసాలా డబ్బా తుడుస్తూ అడిగాడు, మరి ముప్పై నాలుగేళ్ళు నువ్వు సేసిందేటి అని.

వాసుదేవరావు టీ గ్లాసు కింద పెట్టాడు.

"సెప్పినట్టు సేసేను," అన్నాడు. "నువ్వు ఒక పూట సేసి సూడు."

కొట్టువాడి పెళ్ళాం లోపల్నుంచి గట్టిగా నవ్వింది. పరబ్రహ్మం ఇంకో టీ కావాలని వేలు పైకి తిప్పాడు. వాసుదేవరావు లేచి తెచ్చిచ్చాడు.